నాలుగు డబ్బాలు, ఒకటే మర



లారీ నడిపేవాళ్ళకీ, నడిపించేవాళ్ళకీ తరచూ ఎదురయ్యే చిన్న ప్రశ్న ఒకటి ఈవేళ మాట్లాడుకుందాం. ఆయిల్ మార్పించడానికి బండిని షెడ్డులో పెట్టారు. ఫిల్టరు కొనడానికి స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్ళారు. అది విజయవాడ ఆటోనగర్ కావచ్చు, విశాఖలో గాజువాక కావచ్చు, హైదరాబాద్ కావచ్చు. బండి మోడల్ చెప్పగానే కౌంటర్ మీదికి నాలుగు డబ్బాలు వస్తాయి. ఒకదాని మీద లారీ కంపెనీ పేరుంటుంది. రెండోదాని మీద ఫిల్టర్లు తయారుచేసే కంపెనీ సొంత పేరుంటుంది. మూడోది ఎక్కడో విన్న పేరే, ధర మాత్రం మొదటిదాంట్లో సగం. నాలుగోదాని మీద ‘లాంగ్ లైఫ్’ అని మెరిసే అక్షరాలుంటాయి, ఖరీదు అన్నిటికంటే ఎక్కువ. అట్టపెట్టెలు విప్పి చూస్తే నాలుగూ ఒకే లావు, ఒకే ఎత్తు, ఒకటే మర. “ఏదైనా పడుద్దన్నా, మీ ఇష్టం” అంటాడు కౌంటర్ దగ్గర కుర్రాడు.

అతను అబద్ధం చెప్పడం లేదు. నాలుగూ పడతాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఫిల్టరు ఇంజనుకు పట్టడం వేరు, ఇంజనుకు సరిపోవడం వేరు. పట్టిందో లేదో అరనిమిషంలో తెలిసిపోతుంది. సరిపోయిందో లేదో ఏడాదికో రెండేళ్ళకో ఇంజన్ విప్పినప్పుడు గానీ తెలియదు. అప్పటికి ఏ సర్వీసులో ఏ డబ్బా వేశామో ఎవరికీ గుర్తుండదు. అందుకే ఈ బేరం ఎప్పుడూ ధర దగ్గరే తెగిపోతుంది.

ముందు ఆ డబ్బా చేసే పనేమిటో చూద్దాం. ఇంజన్ అడుగున చాంబర్లో ఆయిల్ ఉంటుంది. మధ్యరకం ఆరు సిలిండర్ల లారీ ఇంజన్లో అది ఇంచుమించు 15 లీటర్లు, పెద్ద ఇంజన్లలో అంతకు రెట్టింపు. పంపు దాన్ని పైకి లాగి, కూలర్ గుండా, ఫిల్టర్ గుండా నెట్టి, ఇంజన్ దిమ్మలోని పెద్ద కాలవలోకి పంపిస్తుంది. అక్కణ్ణుంచి క్రాంకు బేరింగులకు, క్యాముకు, రాకర్లకు, టర్బోకు, పిస్టన్ల అడుగున చల్లే జెట్లకు పాయలుగా చీలిపోతుంది. బండి హైవే మీద పోతున్నప్పుడు చాంబర్లోని ఆయిలంతా నిమిషానికి రెండు మూడు సార్లయినా ఫిల్టర్లో నుంచి వెళ్ళి వస్తుంది. అంత పెద్ద ఇంజన్లో ఆయిల్ కచ్చితంగా దాటి వెళ్ళాల్సిన గుమ్మం ఇదొక్కటే.

ఆ గుమ్మం దగ్గర ఆపాల్సింది మూడు రకాల చెత్త. డీజిల్ మండినప్పుడు పుట్టే మసి ఒకటి. గాలితోపాటు లోపలికి దూరిన దుమ్ము రెండోది. ఇంజన్ తనంతట తాను అరిగినప్పుడు రాలే లోహపు రజను మూడోది. వీటిలో మసి రేణువు ఒక మైక్రాన్‌లో కొంత భాగమే ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. అంత సన్నటిదాన్ని ఏ మామూలు ఫిల్టరూ పట్టలేదు. ఆయిల్‌లోని రసాయనాలు దాన్ని గడ్డకట్టకుండా విడివిడిగా పట్టి ఉంచుతాయి, ఆయిల్ దింపినప్పుడు దాంతోపాటే బయటికి పోతుంది. కాబట్టి ఎంత ఖరీదైన ఫిల్టరు వేసినా మసిబారిన ఆయిల్ మళ్ళీ కొత్తది కాదు. దుమ్ము సంగతి అలా కాదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో తిరిగే టిప్పరుకైనా, సింగరేణి బొగ్గు మోసే లారీకైనా గాలిలో వచ్చే రాతిదుమ్ములో బేరింగు లోహం కంటే ఎన్నో రెట్లు గట్టిదైన ఇసుకరేణువుంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బరువు మీద తిరుగుతున్న బేరింగులో షాఫ్టుకూ లోహానికీ మధ్య ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లకు పలచబడుతుంది. ఆ పొర కంటే కాస్త పెద్ద రేణువు మధ్యలో ఇరుక్కుందంటే రెండు వైపులా గీసుకుంటూ పోతుంది. ఇంజన్‌ను ఎక్కువగా అరగదీసేవి ఈ 5 నుంచి 25 మైక్రాన్ల మధ్య రేణువులే. వేళ్ళ మధ్య ఆయిల్ నలిపి ‘శుభ్రంగానే ఉంది’ అంటుంటాం కదా, ఆ వేళ్ళకు దొరికేంత పెద్దవి కావు ఇవి.

ఇంత ముఖ్యమైన వస్తువు మోటారు బండ్లకు మొదటినుంచీ లేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. 1920ల్లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ అనే ఇంజనీరు చేసిన ఫిల్టరు ‘ప్యూరోలేటర్’ పేరుతో బజారులోకి వచ్చింది. తొలినాటి ఫిల్టర్లలో చాలావాటిలోకి మొత్తం ఆయిల్ పోయేది కాదు, ఒక పాయ మాత్రమే పోయి వడకట్టుకొని చాంబర్లో పడేది. ఆయిలంతా ముందు ఫిల్టర్లో నుంచి పోయాకే బేరింగులకు చేరే ఏర్పాటు తర్వాత స్థిరపడింది. చేత్తో తిప్పి బిగించే రేకుడబ్బా ఫిల్టరు 1950ల్లో వచ్చింది. మన పాత లారీల్లో గిన్నె విప్పి, లోపలి ఎలిమెంటు తీసి మార్చడం గుర్తున్న మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. ఆ పని జిడ్డుపని, టైము పట్టే పని. కానీ ఒక సుఖం ఉండేది. కొత్త ఎలిమెంటును చేతిలో పట్టుకొని కాగితం చూడొచ్చు, మడతలు చూడొచ్చు, అతుకు చూడొచ్చు. డబ్బా వచ్చాక పని ఐదు నిమిషాలకు దిగింది, కొనేవాడి చూపు మాత్రం రేకు దగ్గరే ఆగిపోయింది. రంగు, పేరు, ధర తప్ప పోల్చుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

అయితే డబ్బా విప్పకుండానే తెలుసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది మర. మన బజారులో అంగుళాల మర ఫిల్టర్లూ, మిల్లీమీటర్ల మర ఫిల్టర్లూ పక్కపక్కనే అమ్ముడవుతాయి. చిన్న బండ్లలో ఎక్కువగా కనిపించే రెండు సైజులు చూడండి. ఒకటి ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు. రెండోది 20 మిల్లీమీటర్లు, చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.5 మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, దాని చుట్ల మధ్య దూరం ఇంచుమించు 1.59 మిల్లీమీటర్లు. అంటే 20 మిల్లీమీటర్ల ఫిల్టరును ముప్పావు అంగుళం స్టడ్డు మీద పెట్టి తిప్పితే హాయిగా ఎక్కుతుంది. రబ్బరు రింగు తగిలాక బిగిసినట్టే ఉంటుంది. లోపల మాత్రం మర పళ్ళు అంచులతోనే పట్టుకొని ఉంటాయి. తెల్లవారుజామున ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఒక్కసారి రేసు ఇస్తే ఆ ప్రెజరుకు డబ్బా ఊడిందనుకోండి, చాంబర్లోని ఆయిలంతా రోడ్డు మీద ఉంటుంది. అందుకని రింగు తగలకముందే, రెండు మూడు చుట్లు ఎక్కించి, డబ్బాను అటూ ఇటూ కదిపి చూడండి. సరైన మర అయితే ఊగదు. ఊగిందంటే అక్కడే విప్పేయండి.

రెండోది రింగు. పాత ఫిల్టరు మూతినీ, కొత్తదాని మూతినీ ఎదురెదురుగా ఆనించి చూస్తే చాలు. రెండు రింగుల వ్యాసం, మందం ఒకటిగా ఉండాలి. రింగు కాస్త చిన్నదైతే ఇంజన్ మీద నునుపుగా చెక్కిన గుండ్రటి చోటు అంచు దాటి కూచుంటుంది, ప్రెజరు పెరిగినప్పుడు ఒక పక్క నుంచి కారుతుంది.

మూడోది కాస్త భయపడాల్సిన విషయం. లారీకి ఆయిల్ ఫిల్టరు ఉంది, డీజిల్ ఫిల్టరు ఉంది, కొన్ని ఇంజన్లకు రేడియేటరు నీళ్ళ ఫిల్టరు కూడా ఉంది. ఇవన్నీ ఒకే తరహా రేకుడబ్బాలు. కొన్నిటి మర కూడా కలుస్తుంది. డీజిల్ ఫిల్టర్లో కాగితం పలచటి డీజిల్ కోసం చేసింది, ఆయిల్ ఫిల్టర్లో ఉండే బైపాస్ వాల్వు దాంట్లో ఉండదు. నీళ్ళ ఫిల్టర్లలో కొన్నిటిలో ఏకంగా రసాయనపు పలుకులే పోసి ఉంటాయి. ‘మర పట్టింది కదా’ అని వీటిని ఆయిల్ దగ్గర బిగిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దుకాణంలో బల్ల మీద వరసగా పేర్చిన డబ్బాల్లోంచి ఒకటి తీసి ఇచ్చేటప్పుడు దాని మీద ఏ పనికోసమో రాసి ఉంటుంది. చదివి తీసుకోండి.

బైపాస్ వాల్వు అన్నాను. నా లెక్కలో ఫిల్టర్ల మధ్య అసలైన తేడా తెచ్చే భాగం ఇదే, ఎవరూ అడగనిది కూడా ఇదే. ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నప్పుడు గానీ, కాగితం చెత్తతో నిండిపోయినప్పుడు గానీ ఆయిల్ ఫిల్టరు గుండా తగినంతగా పోలేదు. బేరింగులు ఎండిపోవడం కంటే మురికి ఆయిల్ అందడమే నయం కదా. అందుకని ఫిల్టరుకు ముందు, వెనక ప్రెజరులో తేడా ఒక హద్దు దాటగానే ఈ వాల్వు తెరుచుకొని ఆయిల్‌ను వడకట్టకుండానే పంపించేస్తుంది. ఆ హద్దు ఎంత ఉండాలన్నది ఇంజన్‌ను బట్టి ఉంటుంది. కార్ల ఫిల్టర్లలో అది చాలావరకు 10, 15 పీఎస్‌ఐ దగ్గర ఉంటే, లారీ డీజిల్ ఇంజన్లలో 20, 30, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. కొన్ని ఇంజన్లలో అయితే ఈ వాల్వు ఫిల్టర్లో ఉండదు, ఫిల్టరు బిగించే దిమ్మలోనే ఉంటుంది. ఇప్పుడు ఆలోచించండి. ఎక్కువ ప్రెజరుకు తెరుచుకోవాల్సిన చోట తక్కువకే తెరుచుకునే ఫిల్టరు వేస్తే, ఘాట్ ఎక్కేటప్పుడు, చలిలో స్టార్ట్ చేసినప్పుడు వాల్వు మాటిమాటికీ తెరుచుకొని మురికిని లోపలికి వదులుతుంది. వాల్వు దిమ్మలో ఉండే ఇంజన్ కోసం చేసిన ఫిల్టరును, దిమ్మలో వాల్వు లేని ఇంజనుకు వేస్తే ఇంకా ఘోరం. కాగితం మూసుకుపోయిననాడు ఆయిలుకు వేరే దారి ఉండదు. కాగితమైనా చిరగాలి, బేరింగులైనా ఎండాలి. పక్కింటాయన కళ్ళద్దాలు మన ముక్కు మీద చక్కగా కూచోవచ్చు, పవరు మాత్రం ఆయన కళ్ళదే. ఫిల్టరూ అంతే. దాని పవరు ఈ వాల్వులోనూ, లోపలి కాగితంలోనూ ఉంది. మరలో లేదు.

‘ఈ నంబరుకు బదులు ఆ నంబరు వేసుకోవచ్చు’ అని దుకాణాల్లో పట్టికలుంటాయి. అవి పనికొచ్చేవే. కానీ ఆ పట్టికల్లో కొన్ని మర, రింగు, ఎత్తు కలిస్తే చాలనుకొని జత కట్టినవి. మంచి కంపెనీలు తమ కేటలాగులో బైపాస్ ప్రెజరు ఎంతో కూడా అచ్చువేస్తాయి. మీ బండి అసలు ఫిల్టరు నంబరు దగ్గర ఎంత ఉంది, మార్చి వేయబోయే నంబరు దగ్గర ఎంత ఉంది, రెండూ చూస్తే అనుమానం తీరిపోతుంది.

వాల్వుల్లో ఇంకోటి ఉంది. ఫిల్టరు మూతి లోపల చిన్న రంధ్రాల వెనక రబ్బరు పొర కనిపిస్తుంది. ఇంజన్ ఆపాక డబ్బాలోని ఆయిల్ వెనక్కి చాంబర్లోకి జారిపోకుండా ఆపేది అదే. ఫిల్టరు మూతి పైకి ఉండేలా కిందికి వేలాడే ఇంజన్లలో దీని అవసరం తక్కువ. అడ్డంగా బిగించే ఇంజన్లలో, తలకిందులుగా బిగించేవాటిలో దీని మీదే ఆధారం. ఈ రబ్బరు మంచిది కాకపోతే వేడికి కొన్నాళ్ళలోనే చెక్కలా గట్టిపడుతుంది. రాత్రంతా డబ్బా ఖాళీ అయి, పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు ఇంజన్ లోపల గలగలమని చప్పుడొస్తుంది. గేజి ముల్లు ఆలస్యంగా లేస్తుంది. ఆ కొన్ని సెకన్లూ టర్బో బేరింగుకు ఆయిల్ లేనట్టే. సిలికాన్ రబ్బరు వేడికి ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది, మామూలు నైట్రైల్ రబ్బరు అంత కాలం ఉండదు. కొత్త ఫిల్టరు రంధ్రంలోంచి పుల్లతో మెల్లగా నొక్కితే పొర లోపలికి వంగి, వదలగానే మళ్ళీ మూసుకోవాలి. ముడతపడి ఉన్నా, మూసుకోకపోయినా పక్కన పెట్టేయండి.

ఇక కాగితం. అట్టపెట్టె మీద ‘10 మైక్రాన్’ అనో, ‘15 మైక్రాన్’ అనో పెద్ద అక్షరాలుంటాయి. ఒక్క ఆ అంకెను బట్టి ఏమీ తేల్చలేం. 15 మైక్రాన్ల రేణువుల్ని వందకు ఎన్ని పడుతుంది అన్నది కదా అసలు లెక్క? దీన్ని కొలవడానికి ఐఎస్ఓ 4548-12 అని అంతర్జాతీయ పరీక్ష ఉంది. ఆయిల్‌లో కొలిచిన దుమ్ము కలిపి, ఫిల్టరు గుండా మళ్ళీమళ్ళీ తిప్పి, ముందు ఎన్ని రేణువులున్నాయి, వెనక ఎన్ని మిగిలాయి అని లెక్కపెడతారు. ముందు రెండుంటే వెనక ఒకటి మిగిలింది అనుకోండి, సగం పట్టినట్టు. ముందు 20 ఉంటే వెనక ఒకటే మిగిలితే వందకు 95 పట్టినట్టు. ముందు 75 ఉంటే వెనక ఒకటి మిగిలితే వందకు దాదాపు 99. ఇవన్నీ ‘15 మైక్రాన్ ఫిల్టరు’ అనే పేరు పెట్టుకోవచ్చు. పేరు ఒకటే, పని మాత్రం సగం నుంచి దాదాపు పూర్తి వరకు ఉంటుంది. అందుకని మైక్రాన్ పక్కన శాతం కూడా రాసిన కంపెనీ మీద నాకు కాస్త ఎక్కువ నమ్మకం.

ఈ తేడా నిజంగా ఇంజన్ మీద కనిపిస్తుందా? 1988లో జనరల్ మోటార్స్‌కు చెందిన ఏసీ స్పార్క్ ప్లగ్ విభాగం ఇంజనీరు ఒకరు దీని మీద చేసిన పరీక్షల్ని అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘానికి సమర్పించారు. 40 మైక్రాన్ల ఫిల్టరుతో పోలిస్తే 30 మైక్రాన్ల ఫిల్టరు వాడినప్పుడు అరుగుదల సగానికి తగ్గింది, 15 మైక్రాన్లది వాడినప్పుడు 70 శాతం తగ్గింది. ఆ పరీక్షల్లో ఆయిల్‌లోకి కావాలని దుమ్ము కలిపి అరుగుదలను తొందరపెట్టారు కాబట్టి, రోడ్డు మీద తిరిగే బండికి ఇదే అంకె అని అనుకోకూడదు. కానీ సన్నటి రేణువును పట్టడం వల్ల లాభం ఉందన్నది ఖాయం.

అలాగైతే అన్నిటికంటే సన్నగా వడకట్టేది కొంటే సరి అనిపిస్తుంది. అక్కడొక మెలిక ఉంది. కాగితం రంధ్రాలు చిన్నవయ్యే కొద్దీ తొందరగా నిండిపోతాయి. నిండిపోతే బైపాస్ తెరుచుకుంటుంది. అప్పుడు సన్నటి ఫిల్టరు కొన్నదీ లేదు, మామూలుది కొన్నదీ లేదు. సన్నగా పట్టాలి, ఎక్కువ చెత్త దాచుకోవాలి, ఆయిల్ ధారాళంగా పోనివ్వాలి. ఈ మూడూ కలిపి ఇవ్వాలంటే మామూలు చెట్టుపీచు కాగితం చాలదు. అందులో సింథటిక్ పోగులు గానీ, సన్నటి గాజు పోగులు గానీ కలపాలి. నాలుగో డబ్బాకు ఎక్కువ ధర ఉండటానికి న్యాయమైన కారణం ఏదైనా ఉందంటే ఇదే.

ఇప్పుడు నాలుగు డబ్బాల్నీ ఒక్కొక్కటిగా చూద్దాం. లారీ కంపెనీలు చాలావరకు ఫిల్టర్లు సొంతంగా చేయవు. ఫ్లీట్‌గార్డ్, మాన్ హమ్మెల్, మాలే, బాష్, ఎలోఫిక్ లాంటి ఫిల్టరు కంపెనీల దగ్గర చేయించుకొని, తమ పెట్టెలో పెట్టి అమ్ముతాయి. టాటా జెన్యూన్ పార్ట్స్, అశోక్ లేలాండ్ వారి లేపార్ట్స్ అనే పేర్ల వెనక ఉన్న ఏర్పాటు ఇదే. ఆ పెట్టెకు మనం ఇచ్చే అదనపు డబ్బులో కొంత పేరుకు, కొంత పూచీకి. బండి వారంటీలో ఉన్నంతకాలం ఆ పూచీకి విలువ ఉంది. ఇంజన్‌కు ఏమైనా అయితే ‘మీరు వేసిన ఫిల్టరు వల్లే’ అనే మాటకు చోటుండదు. కాబట్టి వారంటీ ఉన్న బండికి కంపెనీ పెట్టే. అక్కడ వాదనకు తావు లేదు.

వారంటీ దాటాక రెండో డబ్బా మంచి బేరం. మీ లారీ కంపెనీకి ఫిల్టర్లు సరఫరా చేసే కంపెనీయే తన పేరుతో, సరిగ్గా మీ ఇంజన్ మోడల్‌కు చేసిన ఫిల్టరు అయితే, లోపలి సరుకు దాదాపు అదే. ధర తక్కువ. మూడో డబ్బా విషయంలో తక్కువ ధరను తప్పుపట్టను. చిన్న కంపెనీలు కూడా మంచి సరుకు చేస్తాయి. కానీ అడగాల్సిన నాలుగు ప్రశ్నలున్నాయి. ఏ ఇంజనుకు చేసిందో నంబరుతో సహా రాసి ఉందా? బైపాస్ ప్రెజరు ఎక్కడైనా చెప్పారా? తయారుచేసినవాడి పూర్తి చిరునామా, తయారైన నెల, ఎమ్మార్పీ ఉన్నాయా? కొట్టువాడు బిల్లిస్తాడా? ఒకదానికైనా జవాబు రాకపోతే ఆ సగం ధర అసలుకే ఎసరు పెట్టే ధర. ఫిల్టరు వందల రూపాయల్లో వస్తుంది. క్రాంకు సానపట్టి, బేరింగులు మార్చి, ఇంజన్ బోరు చేయిస్తే బిల్లు లక్షల్లోకి పోతుంది. ఆ పని జరిగినన్నాళ్ళూ బండికి కిరాయి ఉండదు, ఫైనాన్సు కంపెనీ కంతు మాత్రం ఆగదు.

తక్కువ ధర కంటే ప్రమాదమైంది దొంగ సరుకు. పేరున్న కంపెనీ పెట్టెను అచ్చు గుద్దినట్టు తయారుచేసి, లోపల అట్టలాంటి కాగితం పెట్టి అమ్మేవాళ్ళున్నారు. దీనికి ధర కూడా సాక్ష్యం కాదు, ఎందుకంటే తెలివైన దొంగ అసలు ధరకే అమ్ముతాడు. పెట్టె మీది నంబరూ, డబ్బా మీద అచ్చయిన నంబరూ కలవాలి. స్కాన్ చేసే కోడు ఉంటే కొట్టులోనే ఫోనుతో స్కాన్ చేయండి. అక్షరాలు అలుక్కుపోయి ఉన్నా, పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయినా, రింగు మీద కాపుదల ప్లాస్టిక్ లేకపోయినా అనుమానించండి. కంపెనీ డీలరు దగ్గర బిల్లుతో కొంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

నాలుగోదైన లాంగ్ లైఫ్ ఎవరికి కావాలి? ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మారుస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది. పాత బండి, మామూలు ఆయిల్, పది పన్నెండు వేల కిలోమీటర్లకే దింపేస్తున్నారంటే మంచి మామూలు ఫిల్టరు చాలు. లాంగ్ లైఫ్ ఫిల్టరును సగం కూడా వాడకుండా పారేస్తారు, డబ్బు దండగ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీల సంగతి వేరు. వాటిలో సీకే-4 లాంటి మేలురకం ఆయిల్ పోస్తారు, దాన్ని పదుల వేల కిలోమీటర్ల దాకా నడపమంటారు. ఆయిల్ అంతకాలం నిలిస్తే ఫిల్టరు కూడా అంతకాలం నిండిపోకుండా నిలవాలి. అక్కడ కంపెనీ చెప్పిన లాంగ్ లైఫ్ ఫిల్టరే వేయాలి, మామూలుది వేసి అన్ని వేల కిలోమీటర్లూ లాగకూడదు. దాన్ని తిరగేసి కూడా చెప్పాలి. పాత బండికి లాంగ్ లైఫ్ ఫిల్టరు వేసి, ఆ ధైర్యంతో ఆయిల్ మార్పు వాయిదా వేయకూడదు. మసి కథ మొదట్లో చెప్పుకున్నాం.

కొందరు ఇంకో దారి చూస్తారు. ఒకే మర, ఒకే రింగు ఉన్న ఫిల్టర్లలో పొడవాటి డబ్బా, పొట్టి డబ్బా రెండూ దొరుకుతాయి. జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ చేసిన 5.9 లీటర్ల ఇంజన్ కుటుంబంలో ఇలాంటివి ఉన్నాయి. ఆ కుటుంబపు ఇంజనే 1989 నుంచి అమెరికాలో డాడ్జ్ పికప్ బండ్లలో కూడా వచ్చింది, అక్కడి యజమానులు కూడా ఏ పొడవు డబ్బా వేయాలని ఇలాగే వాదించుకుంటారు. పొడవాటి దాంట్లో కాగితం ఎక్కువ, చెత్త ఎక్కువ పడుతుంది, ఆయిల్ కూడా కాస్త ఎక్కువ నిలుస్తుంది. బైపాస్ ప్రెజరు అదే అయి, చుట్టూ చోటుంటే వేసుకోవచ్చు. చోటు అంటే బండి నిలబడి ఉన్నప్పుడు చోటు కాదు. గతుకుల్లో ఇంజన్ ఊగినప్పుడు, ఇరుసు పైకి లేచినప్పుడు, కింద రాయి ఎగిరినప్పుడు డబ్బాకు ఏదీ తగలకూడదు. పెద్దదాని బదులు పొట్టిది మాత్రం ఎన్నడూ వేయవద్దు.

సరైనదే కొన్నారు. బిగించడంలో పొరపాటు జరిగితే ఆ ఎంపికంతా వృథా. పాత ఫిల్టరు విప్పగానే దాని రింగు దాంతోపాటే వచ్చిందా, ఇంజన్‌కే అతుక్కుపోయిందా చూడాలి. అతుక్కున్న రింగు మీద కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి జారి, కొద్ది దూరం పోగానే ఆయిల్ ఎగజిమ్ముతుంది. ఆ చోటును గుడ్డతో తుడిచి, కొత్త రింగుకు శుభ్రమైన ఆయిల్ రాసి, చేత్తో తిప్పాలి. రింగు తగిలాక ఇంకా ఎంత తిప్పాలో డబ్బా మీదే రాసి ఉంటుంది, చాలావాటికి అది ముప్పావు చుట్టు దగ్గర ఉంటుంది. చైను స్పానర్ విప్పడానికే, బిగించడానికి కాదు. ఫిల్టరును ముందే ఆయిల్‌తో నింపమని మీ మాన్యువల్ చెబితే, ఆయిల్‌ను నడిమి పెద్ద రంధ్రంలో పోయకండి. అది వడకట్టిన ఆయిల్ బయటికొచ్చే దారి. అందులో పోసినదాంట్లో నలకుంటే తిన్నగా బేరింగుకే పోతుంది. చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లో పోయాలి.

విప్పిన పాత ఫిల్టరును పాతసామాన్ల వాడికి ఇచ్చేముందు ఒక్కసారి కోసి చూడమంటాను. హాక్సా బ్లేడుతో కోస్తే రంపపు పొడి కాగితం మీద పడి అంతా కలిసిపోతుంది. రేకును అంచు వెంట తెంచే కట్టరు దొరుకుతుంది, షెడ్డుకు ఒకటి ఉంటే చాలు. కాగితం విప్పి ఎండలో చూడండి. రాగి, ఇత్తడి రంగు మెరుపు కనిపిస్తే బేరింగు పై పొర పోయి లోపలి లోహం అరుగుతోందని అనుమానించాలి. అయస్కాంతానికి అంటుకునే రజను ఉంటే ఉక్కు భాగాలు అరుగుతున్నట్టు. తెల్లటి మెరుపు ఉండి అయస్కాంతానికి అంటకపోతే పిస్టన్ వైపు చూడాలి. ఇంజన్ పట్టేయకముందే వచ్చే కబురు ఇది. కొన్న ఫిల్టరు నాణ్యత కూడా ఇక్కడే తెలుస్తుంది. మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయాయా, చివర జిగురు ఊడిందా, నడిమి గొట్టం నొక్కుకుపోయిందా, కాగితం చిరిగిందా. అలా ఉంటే ఆ పేరు మళ్ళీ కొనక్కర్లేదు. మడతలు ఎక్కువున్నంత మాత్రాన మంచిదనీ, డబ్బా బరువున్నంత మాత్రాన గట్టిదనీ చెప్పలేం. ఎన్ని మైక్రాన్ల రేణువు పడుతుందో కంటికి కనిపించదు. కట్టుబడి ఎలా నిలిచిందన్నది మాత్రం కోసిన ఫిల్టరు దాచదు.

ఇంకొక్క మాట. ఆయిల్ ఫిల్టరు మీద ఇంత మాట్లాడుకొని గాలి ఫిల్టరును మరిచిపోతే ఎలా? ఇసుకదుమ్ము ఇంజన్లోకి వచ్చే పెద్ద దారి అదే. గాలి గొట్టం క్లిప్పు వదులుగా ఉన్నా, ఎలిమెంటును కంప్రెసర్ గాలితో కొట్టికొట్టి చిల్లులు పెట్టినా, ఎంత మంచి ఆయిల్ ఫిల్టరూ ఆ దుమ్మునంతా మోయలేదు. దుమ్ములో తిరిగే టిప్పర్లకు ముందు ఆ దారి మూసి, తర్వాత ఆయిల్ ఫిల్టరు గురించి ఆలోచించడం మంచిది.

మొత్తం మీద నా సలహా ఇది. వారంటీ బండికి కంపెనీ పెట్టె. వారంటీ దాటిన బండికి పేరున్న ఫిల్టరు కంపెనీ సొంత పెట్టె, సరిగ్గా మీ ఇంజన్ మోడల్‌కు చేసింది, తెలిసిన కొట్టులో, బిల్లుతో. లాంగ్ లైఫ్ ఫిల్టరు ఎక్కువ దూరం నడిచే ఆయిల్‌తో జత. సగం ధరది ఎవరు చేశారో తేలేదాకా వద్దు. ఒకటి కుదిరాక సర్వీసుకో పేరు మార్చకుండా దానికే కట్టుబడి ఉండండి. అలా ఉంటేనే పాత ఫిల్టరు కోసి చూసినప్పుడు నిరుటికీ ఇప్పటికీ తేడా తెలుస్తుంది.

ఇంటికి వెళ్ళాక చేయాల్సిన పని ఒకటుంది. మాన్యువల్లో ఉన్న ఆయిల్ ఫిల్టరు నంబరు, దానికి సరిపోయే ఇంకో కంపెనీ నంబరు, బైపాస్ ప్రెజరు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి క్యాబిన్లో అతికించండి, ఫొటో తీసి డ్రైవరు ఫోనులో పెట్టండి. మన బండ్లు రాయపూర్ పోతాయి, ఇండోర్ పోతాయి, కలకత్తా పోతాయి. ఏ ఊళ్ళో ఫిల్టరు కొనాల్సి వచ్చినా ఆ నంబరు చూపిస్తే చాలు, అక్కడి కొట్టువాడు తోచింది ఇచ్చి పంపే అవసరం ఉండదు.